తవుడికి కొన్న పిల్లాడి ఫొటో

ఫొటోగ్రాఫరుకి అన్నిటికంటే ముందు ఉండవలసింది అనుమానం. ఈ మాట చెబితే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు. మా వీధి మొగలో కొత్తగా స్టూడియో తెరిచిన అబ్బాయి, "మంచి కెమెరా ఉంటే చాలు తాతగారూ, తక్కినవన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కెమెరా దేన్నీ చూసుకోదు. ఎదురుగా ఏది పెడితే దాన్ని నమ్మేస్తుంది. అంత వెర్రిబాగుల వస్తువు మరొకటి లేదు. అందుకని అనుమానించే పనంతా దాని వెనక నిలబడ్డవాడిదే.

మాది విజయనగరం. శ్రీకాకుళంలో ఒక స్టూడియోలో కుర్రతనంలో పనికి చేరి, ముసలితనంలో అదే స్టూడియోకి తాళం పెట్టి ఇంటికొచ్చాను. ఎవరెవరు శాలువాలు కప్పారో, ఏ పెద్దమనిషి పక్కన నిలబడ్డానో ఇక్కడ రాయను. అవి చదివి బాగుపడ్డవాడు లేడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి, అందులోనూ చిన్నపిల్లల్ని ముస్తాబు చేయించి ప్రకటనలకి ఫొటోలు తీసేవాళ్ళకి పనికొస్తుందని ఒక్క సంగతి రాస్తున్నాను. ఓపికుంటే చదవండి.

మొహాన్ని నమ్మకు

మా యజమాని నాయుడు గారు. బోర్డు మీద 'టి. నాయుడు' అని ఉండేది. 'టి' ఆయన ఇంటిపేరు కాబోలనుకున్నాను. భారీ మనిషి, కోటు లేకుండా స్టూడియోలో అడుగుపెట్టేవారు కాదు. నోరు మాత్రం మహా చేదు. నేను చేరిన రోజునే చెప్పారు. "ఒరే అప్పారావూ, మొకాన్ని నమ్మకు. ఎలుతురుని అంతకంటే నమ్మకు. ఒకేపు దాసుకుని ఇంకోయేపు సూపించినోడుంటాడు, ఆడి కాడ మరీ జాగర్త."

ఆ మాట నిజమని త్వరలోనే తెలిసింది. ఒకాయన పెళ్ళి సంబంధానికి ఫొటో కావాలని వచ్చాడు. ఎంత చెప్పినా కుడిపక్కే చూపిస్తాడు. అనుమానం వచ్చి దీపం అటు జరిపితే ఎడమ చెవి కింద అరచేయంత మచ్చ. నేనేమీ అనకుండా తిన్నగా కూర్చోబెట్టి తీశాను. ఆ మచ్చను చూసి మరీ ఒప్పుకున్న పిల్లను చేసుకుని ఆయన హాయిగా కాపురం చేశాడు. సంక్రాంతికో దసరాకో కనిపిస్తే నవ్వుతూ పలకరించేవాడు.

కాని గురువు చెప్పిన నీతి గురువుకి వర్తించదు గదా. నాయుడు గారు తన ఫొటో ఎప్పుడు తీయించుకున్నా ఎడమపక్క నుంచే. కుడిపక్కకి దీపం తిప్పబోతే కసిరేవారు. అందగాణ్ణనే బడాయి అనుకున్నాను.

పళ్ళపొడి మనిషి

అరవైల చివరి సంవత్సరాలు. కొండల వైపు నక్సలైటు గొడవలు ముదురుతున్న కాలం. భుజాన సంచీ వేసుకున్న కొత్త మనిషి కనిపిస్తే పోలీసులకి ఒక అనుమానం, ఊళ్ళవాళ్ళకి మరో అనుమానం. నా కెమెరా పెట్టెను ఆమదాలవలస స్టేషన్లో విప్పించి చూడని వారం ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి మూర్తి గారనే ఆయన మా స్టూడియోకి వచ్చాడు. ఒక పళ్ళపొడి కంపెనీ తాలూకు మనిషి. కొత్త సంవత్సరం కేలండరు మీద వేయడానికి ఏడెనిమిదేళ్ళ మగపిల్లాడి ఫొటో కావాలట. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉండాలట.

"విశాఖపట్నంలో పిల్లలే లేరా?" అని నాకు అడగాలనిపించింది. ఊరికే ఎవరూ ఇంత దూరం రారు. నా మొహం చూసి ఆయనే చెప్పాడు. "అక్కడ చాలామందిని చూశామండీ. ఆఫీసర్ల పిల్లలు. మొహాలు బాగానే ఉంటాయి, నోరు తెరిస్తే అన్నీ పుచ్చుపళ్ళే. మిఠాయిలు తిని తిని."

నాయుడు గారు నావైపు తిరిగి, "నువ్వెల్లి పల్లెల్లో ఎతుకు. మంచి పల్లున్న గుంటణ్ణి సూసి, తల్లిదండ్రుల్ని ఒప్పించి తోలుకురా" అన్నారు. నోటిమాటంత సులువనుకున్నారు.

పిల్లాడు నాకు ఆమదాలవలస స్టేషన్లోనే దొరికాడు. నేను విజయనగరం వెళ్ళే బండి కోసం కూర్చున్నాను. ఒక ఆడమనిషి పక్కన కూర్చుని చెరకుగడ పళ్ళతో చీలుస్తున్నాడు. చెక్కు చివరి వరకు ఒక్క లాగులో ఊడివస్తోంది. నన్ను చూసి చెరకును వీపు వెనక్కి దాచుకున్నాడు. అప్పుడు పళ్ళు కనిపించాయి. అలాంటి పలువరస నేను మళ్ళీ చూడలేదు.

పిల్లాడి ముక్కుకి కుడివైపు రాగి తీగ. బుగ్గ మీద కానీ బిళ్ళంత మసి చుక్క. ఒంటి మీద ఎవరి చొక్కాయో, మోకాళ్ళ దాకా వేలాడుతోంది. నాకు సంగతి సగం అర్థమైంది.

"మీ అబ్బాయా అమ్మా?" అన్నాను.

"నా కొడుకే. ఏటి?" అందావిడ, పిల్లాణ్ణి పక్కకు లాక్కుంటూ. ఆవిడ పేరు చిట్టెమ్మ. ఊరి పేరు చెప్పించుకునేసరికి నా బండి వెళ్ళిపోయింది.

ఎద్దు పళ్ళు

మర్నాడు ఆ ఊరు వెళ్ళాను. పిల్లలు ఆడుకుంటున్నచోట నిలబడి వాడెక్కడున్నాడా అని చూస్తున్నాను. కనిపించగానే పిలిచి నోరు తెరవమన్నాను. అంతే, ఎక్కడివాళ్ళు అక్కడి నుంచి వచ్చి చుట్టూ మూగారు. ఏటి మీద వంతెన కడుతున్నారనీ, పునాదికి పిల్లల్ని బలి ఇస్తారనీ అప్పట్లో పుకారు.

"ఏటి బాబూ, ఎద్దుని కొనీవోడిలాగ పల్లు సూస్తన్నావు?" అన్నాడొక ముసలాయన. "ఎవుడివి నువ్వు?"

"ఫొటోలు తీసేవాణ్ణి తాతా. శ్రీకాకుళంలో స్టూడియో."

"ఫొటోలకి డబ్బులు మా కాడ నేవు."

"డబ్బులొద్దు. ఊరికే తీస్తాను."

ముసలాయన వెనక్కి తిరిగి జనంతో అన్నాడు. "ఇన్నారేట్రా? డబ్బులొద్దంట. డబ్బులొద్దన్నోడే అసలు దొంగ."

ఆయనను తప్పుపట్టను. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. కుర్రాళ్ళకి చెబుతున్నాను, పిల్లల కోసం ఊళ్ళోకి వెళితే ముందు పెద్దల దగ్గరకు వెళ్ళాలి. పిల్లల దగ్గరకు తిన్నగా వెళ్ళేవాణ్ణి అనుమానించడం ఊరి ధర్మం.

చివరికి చిట్టెమ్మ వచ్చి స్టేషన్లో చూసిన మనిషేనని చెప్పడంతో బయటపడ్డాను. ఆవిడ నన్ను తన ఇంటికి కాక పక్కింటికి తీసుకెళ్ళింది. ఆ ఇంటి అరుగు మీద ఒకామె పెరుగు కుండలు కడుగుతోంది. మనిషి సన్నం, చూపు వాడి. పిల్లాడు పరుగున వెళ్ళి ఆమె వీపు మీద పడ్డాడు. ఆమె గౌరమ్మ.

"మీ అబ్బాయిని ఫొటో తీస్తానమ్మా" అన్నాను.

"నా కొడుకు కాడు" అంది గౌరమ్మ, వాడి చేతులు మెడ మీద నుంచి తీయకుండానే. "చిట్టెమ్మను అడుగు."

మా ప్రాంతం వాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పుట్టిన బిడ్డలు వరసగా పోతే, తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పొరుగింటి ఆవిడకి తవుడికి అమ్మేస్తారు. ఆవిడ చేటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుని, "నా బిడ్డని నువ్వు పెంచు" అని తిరిగి కన్నతల్లి ఒళ్ళోనే పెడుతుంది. మృత్యువు గౌరమ్మ కొడుకును వెతుక్కుంటూ వస్తే గౌరమ్మకి కొడుకే లేడు. తవుడి పాటి విలువ చేసేవాణ్ణి పట్టుకెళ్ళి అదైనా ఏం చేసుకుంటుంది? ముక్కు కుట్టి రాగి తీగ వేస్తారు. కొత్తబట్ట కట్టరు, ఎవరి దగ్గరో అడుక్కొచ్చిన పాతబట్టే. పేరు తవిటయ్య. కన్నతల్లి వాణ్ణి నా కొడుకని పైకి అనదు, వాడి ముందు అసలు అనదు.

గౌరమ్మకి ముందు ఇద్దరు పోయారు. మూడోవాడు ఈ తవిటయ్య.

ఒప్పుకోదనే అనుకున్నాను. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందనేవాళ్ళు అప్పట్లో వీధికి పదిమంది. అందులోనూ ఇది ఊరూరా గోడలకి వేలాడే బొమ్మ. దాచకుండా అంతా చెప్పాను. ఆమె చాలాసేపు కుండ తోముతూ కూర్చుంది.

"ఫొటో ఉంటే మొకం గురుతుంటాది గదా బాబూ?" అంది చివరికి.

"ఉంటుందమ్మా."

"ముందు ఎలిపోయినోల్ల మొకాలు నాకిప్పుడు గురుతు రావట్నేదు. ఇద్దరివీ కలిసిపోతన్నాయి. పెద్దది ఎలాగుండీది, సిన్నోడు ఎలాగుండీవోడు అని ఎంత తలుసుకున్నా ఈడి మొకమే వస్తాది."

ఆమె ఏడవలేదు. వరసగా షరతులు చెప్పింది. బుగ్గ మీద చుక్క చెరపకూడదు. ముక్కు తీగ తీయకూడదు. కొత్త చొక్కా తొడగకూడదు. వాడు వినేలా ఎవరూ 'ఎంత బాగున్నాడు' అనకూడదు. తనకో ఫొటో ఇవ్వాలి. అన్నిటికీ సరేనన్నాను.

"సరేనన్నావు గానీ" అంది నా కళ్ళలోకి చూస్తూ, "నువ్వు సెప్తే ఆల్లు ఇంటారేటి?"

ఆ ప్రశ్న నాదీను. ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన.

చొక్కా ధర్మం

అనుకున్న రోజుకి ముగ్గురూ వచ్చారు. గౌరమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. చిట్టెమ్మ పిల్లాడి రెక్క పట్టుకుని లోపలికి వచ్చింది. వాడు స్టూడియో అంతా అనుమానంగా చూశాడు. తెర మీద రాసిన రాజుగారి మేడను చేత్తో తడిమి, "ఇది గుడ్డ" అన్నాడు. కెమెరా వెనక్కి వెళ్ళి నల్లగుడ్డ ఎత్తి ఎవరైనా దాక్కున్నారేమో చూశాడు. వీడికి ఈ పని నేర్పితే రాణిస్తాడనిపించింది.

మూర్తి గారు సంచీలోంచి తళతళలాడే కొత్త చొక్కా తీశాడు. చిట్టెమ్మ అడ్డంగా చేయి చాపింది.

"కొత్తది ఎయ్యం బాబూ."

"ఊరికే ఇస్తున్నామమ్మా, తీసుకోండి" అన్నాడాయన.

"ఊరికే ఇచ్చినా కొత్తదే గదా."

నాయుడు గారు చుట్ట పక్కన పెట్టి, "ధర్మంగా అడుగు చిట్టెమ్మా, ఇస్తాడు" అన్నారు. చిట్టెమ్మకి వెంటనే తట్టింది. చొక్కా తీసి ముందు నా భుజాన వేసి, నేల మీద ఒకసారి దులిపి, అలా పాతది చేసి, మళ్ళీ మూర్తి గారి చేతిలో పెట్టింది. ఆయన ఎదుట కొంగు చాపి నిలబడింది. "బాబూ, దిక్కునేని గుంటడికి ఓ పాతసొక్కా ధరమం సెయ్యండి."

మూర్తి గారు బిక్కమొహం వేశాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ నవ్వడం లేదని తెలుసుకుని, చొక్కాను ఆవిడ కొంగులో వేశాడు. గుమ్మం దగ్గర గౌరమ్మ తల ఊపింది. అప్పుడు తొడిగాం.

తరవాత పళ్ళపొడి. పిల్లాడు అంతవరకూ వేపపుల్ల, పిడక బూడిద తప్ప ఎరగడు. అరచేతిలో గులాబీరంగు పొడి పోస్తే వాసన చూశాడు, నాలుకకి రాసుకున్నాడు, తీయగా ఉందని మొత్తం నాకేశాడు. "ఇంకాస్త" అని చేయి చాపాడు. మూర్తి గారు సీసా దాచేశాడు.

నూనె రాసి తల దువ్వాను. మొహం తడిగుడ్డతో ఒత్తాను, చుక్క జోలికి పోకుండా. స్టూలు మీద కూర్చోబెట్టి దీపాలు వేశాం. నాయుడు గారు నల్లగుడ్డ కింద దూరి చూపు సరిచేసి, గాజు ప్లేటు పెట్టి, బయటకు వచ్చారు. మీట నొక్కే రబ్బరు బుడ్డి నా చేతికిచ్చారు. "నవ్వగానే నొక్కు" అన్నారు.

వాడు నవ్వడే. దీపాలను చూసి మొహం ముడుచుకున్నాడు. మూర్తి గారు చేతులు తిప్పుతాడు, కోతిలా కిచకిచలాడతాడు. వాడు ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తాడు. పిల్లల్ని నవ్వు నవ్వు అని ఎప్పుడూ అడగకండి. అడిగి తెప్పించిన నవ్వు నోటి దగ్గరే ఆగిపోతుంది, కళ్ళ దాకా రాదు.

లైట్ల కింద

కాసేపటికి మూర్తి గారికి విసుగెత్తింది. దగ్గరకు వచ్చి చూసి, "అసలీ నల్లమచ్చ ఏమిటండీ? ఈ తీగేమిటి? ముందు ఇవి తీయించండి. పిల్లాడు ఎంత బా..." అన్నాడు.

"బాబూ!" అని గౌరమ్మ గుమ్మం లోంచి కేకేసింది. ఆ కేకకి ఆయన మాట మింగేశాడు. ఆమె లోపలికి వచ్చి పిల్లాడి రెక్క పట్టుకుంది. "లెగు. ఎలిపోదాం."

"ఈవిడెవరు?" అన్నాడు మూర్తి గారు. "నువ్వు తల్లివా అమ్మా?"

"నాను తల్లిని కాను."

"మరి ఎవరు తల్లి?"

"నాను" అంది చిట్టెమ్మ. "నాను కొన్నాను. సేటెడు తవుడికి."

మూర్తి గారి మొహం పాలిపోయింది. రబ్బరు బుడ్డి నా చేతిలో ఉండగానే రెండో చెయ్యి పట్టుకుని నన్ను పక్కకు లాగాడు. "కొన్నదా? పిల్లాణ్ణి? చూస్తే ఆ కేకేసినావిడ పోలికలే ఉన్నాయి, ఆవిడ కాదంటోంది. ఈవిడకి ఒక్క పోలికా లేదు, తల్లిని నేనేనంటోంది. ఏం నాటకమండీ ఇది? ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారు? నేను పోలీసు స్టేషనుకి వెళతాను."

చెబుదామంటే పిల్లాడు వింటున్నాడు. గౌరమ్మ కన్నతల్లి అని వాడి ముందు నా నోటితో అంటే ఇన్నేళ్ళ ఆమె జాగ్రత్తంతా బూడిదలో పోసినట్టే. "బయటికి రండి, చెబుతాను" అన్నాను. ఆయన వినిపించుకోడు. తలుపు వైపు నడుస్తున్నాడు. పోలీసులు వస్తే ఆ రోజుల్లో ముందు అడిగేది ఎవరు ఏమిటని కాదు, ఏ ఊరు, కొండవైపు చుట్టాలున్నారా అని. గౌరమ్మ పిల్లాణ్ణి కొంగులో దాచుకుంది. ఫొటో మాట ఎటు పోయినా, ఆ పిల్లాణ్ణి ఈ పూట ఆమె ఇంటికి తీసుకెళ్ళగలదా అని నాకు భయం పట్టుకుంది.

"మూర్తి గారూ, ఇలాగ రండి" అన్నారు నాయుడు గారు.

ఆయన తిన్నగా దీపం కిందకు వెళ్ళి నిలబడ్డారు. కుడిపక్క మొహం వెలుతురుకి తిప్పారు. ఎన్నేళ్ళుగానో నన్ను దీపం తిప్పనివ్వని పక్క అది. ముక్కుపుట మీద వేలు పెట్టి చూపించారు. పూడిపోయిన కన్నం, మినపగింజ అంత గుంట.

"సూసారా? నన్నూ తవుడికే కొన్నారు. బోర్డు మీద 'టి' అంటే ఏటనుకున్నారు? తవిటినాయుడు. ఇందులో దొంగతనం ఏటీ నేదు. మా కాడ ఇది బిడ్డని కాపాడుకునీ పద్ధతి. కూకోండి."

గౌరమ్మ కొంగులోంచి పిల్లాడు తల బయటపెట్టాడు. స్టూలెక్కి మెడ చాచి ఆ పెద్దమనిషి ముక్కులోకి చూశాడు. చూసి చూసి, "తాతా, నీకూ తవుడేనేటి? మరి నీ తీగేదీ?" అని పకపకా నవ్వాడు.

నా చెయ్యి దానంతటదే బుడ్డిని నొక్కింది.

ఒప్పుకున్నవాడి సంగతి

మూర్తి గారు ఆ నవ్వు చూసి మెత్తబడ్డాడు. క్షమించమన్నాడు కూడా. "ఇంక ఏమీ మార్చకండి. చుక్క ఉంటే ఉండనివ్వండి, తీగ ఉంటే ఉండనివ్వండి" అన్నాడు.

అంత గట్టిగా కాదన్నవాడు అంత తియ్యగా ఒప్పుకునేసరికి నాకు మళ్ళీ అనుమానం. "అచ్చులో కూడా ఉంటాయా?" అని అడిగాను. నాయుడు గారు నన్ను కసిరారు. "ఒప్పుకున్నోణ్ణి తిరగదోడకురా." ఇన్నేళ్ళలో ఆయన చేసిన పొరపాటు నాకు తెలిసి ఇదొక్కటే. ఒప్పుకున్నవాణ్ణే తిరగదోడాలి. కాదన్నవాడితో పేచీ ఏముంది, వాడు కాదన్నాడు. పిల్లల ఫొటో ఎవరికైనా ఇచ్చేటప్పుడు తరవాత దానితో ఏం చేస్తారో తల్లి ఎదుటే చెప్పించుకోండి.

మూర్తి గారు అసలు ప్లేటు పట్టుకెళ్ళిపోయాడు. అది ఆయన చేతికి వెళ్ళేలోపే గౌరమ్మకి నేనే స్వయంగా ఒక ఫొటో చేసి ఇచ్చాను. చుక్క, తీగ, నవ్వు, అన్నీ ఉన్నాయి. ఆమె దాన్ని ఎవరికీ చూపించకుండా బియ్యం కుండలో పెట్టుకుంది.

కొత్త సంవత్సరానికి కేలండర్లు వచ్చాయి. ఒక కేలండరు విప్పి చూసి నాయుడు గారు నాకిచ్చారు. నవ్వు అదే. ముక్కుకి తీగ లేదు. బుగ్గ రోజాపువ్వులా ఉంది, చుక్క లేదు. కంపెనీ బొమ్మలేసేవాడెవడో కుంచెతో తుడిచేశాడు. కింద పళ్ళపొడి సీసా.

"నువ్వు అప్పుడే అడిగావు" అన్నారు నాయుడు గారు. ఆ పూట చుట్ట కాల్చలేదు.

కొన్నాళ్ళకి గౌరమ్మ వచ్చింది, పక్కన చిట్టెమ్మ. ఆమదాలవలసలో తను పెరుగు పోసే కొట్లో కేలండరు చూసిందట. పిల్లాడికి జ్వరమట. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇలాంటియి ఎన్ని ఏసారు బాబూ?"

"చాలా వేశారమ్మా. అన్ని ఊళ్ళకీ పంపుతారు."

ఆమె గోడకున్న కేలండరు దగ్గరకు వెళ్ళింది. కంటి కాటుక వేలికి తీసుకుని పిల్లాడి బుగ్గ మీద నొక్కి చుక్క పెట్టింది. వెనక్కి జరిగి చూసి, సరిపోలేదని ఇంకాస్త పెద్దది చేసింది. "కనపడ్డ ఈటన్నిటికీ పెట్టుకుంటెల్తాను" అంది. చిట్టెమ్మ, "నానూ పెడతాను, సంతల్లో నాకూ తెలిసినోల్లున్నారు" అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

జ్వరం తగ్గింది. జ్వరాలు తగ్గుతాయి కూడా, అది వేరే సంగతి. ఆమదాలవలస కొట్లలో, స్టేషను పక్క కాఫీ హోటల్లో, ఎక్కడ చూసినా కేలండరు మీద పిల్లాడి బుగ్గకి చుక్క కనిపించేది. ఆ ఇద్దరాడవాళ్ళు ఎంత దూరం తిరుగుతున్నారో అనుకునేవాణ్ణి.

పాతపట్నంలో

ఆ ఏడు ఎండాకాలంలో పాతపట్నంలో పెళ్ళి ఫొటోలకి వెళ్ళాను. విడిది పక్కన ఒక ఇంట్లో నాకు భోజనం. గోడ మీద అదే కేలండరు. బుగ్గ మీద చుక్క. ఇంత దూరం ఎలా వచ్చారా అని తెల్లబోయాను. నా బుద్ధి తెలిసిందే, అడక్కుండా ఉండలేను.

"గౌరమ్మ అనే ఆవిడ ఇక్కడికి వచ్చిందా అమ్మా?"

"ఏ గౌరమ్మ?" అంది ఇల్లాలు, అన్నం వడ్డిస్తూ.

"ఈ చుక్క పెట్టినావిడ."

"నానే పెట్టినాను బాబూ" అందావిడ. "అంత సక్కని పిల్లడు. ఊల్లో అందరూ సూసీ బొమ్మ. సుక్క నేకుండా ఎలాగ ఒగ్గేస్తాం? ఏ తల్లి కన్న బిడ్డో." పక్కింట్లోనూ అంతేనట. ఆ వీధిలో ఎవరింట్లో కేలండరు ఉంటే వాళ్ళే పెట్టుకున్నారట, ఎవరూ ఎవరికీ చెప్పలేదట. నేను అన్నం కలుపుతూ తల ఎత్తలేదు, కళ్ళల్లో నీళ్ళు ఆవిడకి కనపడకూడదని.

తిరుగుదారిలో పని లేకపోయినా ఆ ఊళ్ళో దిగాను. గౌరమ్మ అరుగు మీద కుండలు తోముతోంది. తవిటయ్య పక్కన కూర్చుని దేన్నో పళ్ళతో చీలుస్తున్నాడు. వాణ్ణి దూరంగా పంపించి, పాతపట్నంలో చూసిందంతా చెప్పాను.

ఆమె చేయి ఆగిపోయింది. కుండ పక్కన పెట్టి అడిగింది. "ఆడు నా కొడుకని ఆల్లకి సెప్పేసావేటి?"

"లేదమ్మా. చెప్పలేదు."

"మంచి పని సేసావు. ఎప్పుడూ సెప్పకు బాబూ" అంది గౌరమ్మ, వీధిలో ఆడుకుంటున్న పిల్లాడివైపు చూడకుండా. "ఆల్ల బిడ్డే అనుకోనీ."